పెరటి చెట్టూ, మన విమర్శా

భూపాలపల్లిలో క్రిందటి చలికాలం జరిగిన ఒక కథాపఠనంలో నేను సమాధానం చెప్పలేకపోయిన ప్రశ్న ఒకటి వుంది. అప్పుడు ఏదో అన్నాను కాని అది సమాధానం కాదు. ఆ బాకీ తీర్చుకోవడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ రోజు పదిహేను మందిమి వున్నాం. ముగ్గురు నలుగురు పేరున్న కథకులు, మిగిలినవాళ్ళు డిగ్రీ, పీజీ విద్యార్థులు. బొగ్గుబావి కార్మికుడి కూతురు ఒకమ్మాయి తన మొదటి కథ చదివింది. ఓపెన్‌కాస్టు కింద ఊరు పోతుంది. పరిహారం వస్తుంది, వచ్చినట్టే అయిపోతుంది. పునరావాస కాలనీలో ఇచ్చిన ఇంటి వెనక మంచం వాల్చేంత మొరం నేల. తల్లి పాత ఇంటినుంచి కొంగున ముడివేసి తెచ్చిన బీర, చిక్కుడు గింజలు ఆ మొరంలో పెడుతుంది. మొదటి యేడు మొలకలు మాడిపోతాయి. రెండో యేడు చెరువుమట్టి సంచులతో మోసుకొచ్చి పాదు చేస్తుంది. తీగ పాకుతుంది గాని పూతంతా రాలిపోతుంది. తండ్రి విసుక్కుంటాడు: బజార్ల ఇరవై రూపాలకు దొరికేదానికి ఇంత గోసెందుకని. మూడో యేడు కూతురు కూడా చెయ్యి వేస్తుంది. ఒకనాటి పొద్దున సూర్యోదయపు ఎర్రని కాంతిలో పసుపుపచ్చని బీరపువ్వు విచ్చుకోవడంతో కథ ముగుస్తుంది.

చర్చ చాలాసేపు సాగలేదు. ఒక మిత్రుడు వస్తువు చిన్నదన్నాడు. ఊరు పోవడమనే పెద్ద వస్తువు చేతిలో వుండగా రచయిత్రి బీరతీగ దగ్గర ఆగిపోయిందని మరొకాయన అన్నాడు. నేను పెద్దవాణ్ణి కనుక తీర్పు చెప్పే బాధ్యత నామీద పడింది. ఇది పెరటి సాహిత్యం, దీన్ని దాటి పొలంలోకి రావాలి అన్నాను. మాట బాగా పేలింది, నలుగురూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం కాగితాలు మడుచుకుంటూ అడిగింది: "మా అమ్మ చేసేది భూమి ముచ్చట కాదా సార్?"

'పెరటి సాహిత్యం' అన్న మాట నాకు కొత్తది కాదు. ఇంటి గోడలమధ్య తిరిగే కథల్ని ఆ మాటతో నేను ముప్ఫై యేళ్ళుగా పక్కన పెడుతున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు అనేది ఎత్తిపొడుపుగా. దగ్గర వున్నదాని విలువ తెలియనివాణ్ణి ఎత్తిచూపడానికి. నేను దాన్ని నిజమైన వైద్యసూత్రంగా నమ్మి విమర్శ చేశానన్నమాట.

మన సాహిత్యంలో భూమి ఎట్లా వచ్చిందో ఒకసారి చూడాలి. జనగామ ప్రాంతంలో పుట్టినవాడికి ఆ కథ వేరే చెప్పనక్కరలేదు. పాలకుర్తిలో చిట్యాల అయిలమ్మ కౌలుకు చేసుకున్న నాలుగెకరాల పంటమీద విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కన్ను పడింది. సంఘం కార్యకర్తలు పంట కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కడినుంచి పోరాటమూ, పోరాట సాహిత్యమూ పొలంమీదుగానే నడిచాయి. వట్టికోట ఆళ్వారుస్వామి నవలలు, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు', 'మోదుగుపూలు', తరవాతి తరంలో అల్లం రాజయ్య 'భూమి' కథలు — వీటిలో భూమి అంటే దున్నే భూమి. సర్వేనంబరు వున్న భూమి. పట్టా, కౌలు, నాగు, జప్తు, జెండా. ఇది తప్పని నేననడం లేదు. ఆ భూమి సమస్యను రాయడం వల్లనే తెలంగాణ నవలకు వెన్నెముక వచ్చింది.

కాని పొలం నుంచి ఇంటికి చేరిన ధాన్యం అన్నమయ్యేలోపల ఏం జరుగుతుందో ఈ రచనలు దాదాపు చెప్పవు. అన్నంలోకి కూర ఎక్కడిది? ఆ ప్రశ్న నవ్వు తెప్పించవచ్చు. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళకు నవ్వు రాదు. ఆ పుస్తకంలో అయిలమ్మ సహా పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తాము మాట్లాడారు. దళాలకు అన్నం పెట్టడం, పిల్లల ఆకలి, దాచిన తిండి — ఉద్యమ చరిత్రలు ఒక వాక్యంలో దాటేసిన పనులు అక్కడ మనుషుల మాటల్లో వున్నాయి. మేము ఆ పుస్తకాన్ని చరిత్రగా మెచ్చుకున్నాం. అది మన కథావిమర్శను కూడా ప్రశ్నిస్తున్నదని గమనించలేదు. నేనయితే గమనించలేదు.

వెట్టి గురించి కూడా ఇదే మాట. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, గౌడ, సాలె, మాదిగ — ఒక్కొక్కరి పనిలోనుంచి, వస్తువులోనుంచి దొరకు ముట్టవలసింది వుండేది. మన నవలల్లో గొర్రె పోయింది, కల్లు పోయింది, బట్ట పోయింది. ఆ ఇంటి ఆడది మిరుగం నాడు గింజ పెట్టి, స్నానాల నీళ్ళు మళ్ళించి కాయించుకున్న కూరగాయల ఊసు మాత్రం ఎక్కడా కనబడదు. గడీలోని ఆడబాప జీవితాన్ని నవలలోకి తెచ్చిన రంగాచార్య కన్ను చిన్నది కాదు. ఆయన పుట్టిన చినగూడూరు ఇవాళ్టి మహబూబాబాదు జిల్లాలోనే వుంది. అటువంటి కన్ను కూడా గడీ వాకిట్లోంచి పూరింటి వెనక్కు పోలేదంటే దానికి ఆయన ఒక్కడే కారణం కాదు. పోరాటం ఎక్కడ జరుగుతుందో అక్కడే వస్తువు వుంటుందని మనమంతా అనుకున్నాం.

ఇంకా వెనక్కి పోదాం. పాలకుర్తి పక్కనే బమ్మెర. పోతన రాజులకు కావ్యమివ్వక నాగలి పట్టి బతికాడని మనకొక ఐతిహ్యం. దానికి ఆధారంగా చెప్పే చాటుపద్యం పోతనదేనా అన్న అనుమానం పండితులకు ఎప్పటినుంచో వుంది. ఆ సంగతి అట్లా వుంచితే, ఐతిహ్యానికి వున్న బలం మాత్రం కాదనలేనిది. తన తిండి తాను పండించుకునేవాడికి తన మాటమీద హక్కు వుంటుందన్న ఆలోచన అది. 1943లో వచ్చిన 'భక్త పోతన' సినిమా తరవాత ఆ బొమ్మ ఊరూరికీ చేరింది. అభ్యుదయ రచయితలం మనమూ ఆ నాగలిని మనసారా మన గుర్తుల్లో చేర్చుకున్నాం. అయితే తెలుగుదేశంలో ఆడవాళ్ళు నాగలి ముట్టకూడదన్నది ఒక ఆచారం. నాగలిని మాత్రమే వ్యవసాయానికి గుర్తుగా పెట్టుకున్నప్పుడు, ముట్టకూడని మనిషి చేసిన వ్యవసాయం దానికదే లెక్కలోనుంచి పోతుంది. గింజను బూడిదలో కలిపి దాచినదెవరు, ఎండిన సొరకాయ బుర్రలో పోసి చూరుకు వేలాడదీసినదెవరు, పేడలో అద్ది గోడకు కొట్టినదెవరు? బతుకమ్మను పేర్చేటప్పుడు గౌరమ్మను కూర్చోబెట్టే గుమ్మడిపువ్వు పొలంనుంచి రాలేదు, పెరటి పాదునుంచి వచ్చింది. ఆడవాళ్ళ పాటల్లో వున్న ఈ లోకాన్ని బిరుదురాజు రామరాజు వంటివారు సేకరించి పెట్టారు. జానపదమని దానికొక అర కేటాయించి మనం ఆధునిక సాహిత్య విమర్శలోకి రానివ్వలేదు.

ఇదంతా సిద్ధాంతంగా నేను ముందే తెలుసుకుని వుండవచ్చు. తెలుసుకున్నది మాత్రం చేతులతో. ఉద్యోగం అయిపోయాక మానుకోటలో స్థిరపడ్డాను. ఇంటి వెనక కొద్దిపాటి జాగా వుంది. డాక్టరు ఆకుకూరలు తినమన్నాడు. భూపాలపల్లి నుంచి వచ్చిన తరవాత ఆ అమ్మాయి ప్రశ్న మనసులో వుండనే వుంది. ఎండాకాలం పోగానే సొర, బీర, చిక్కుడు పెట్టాను. ఎరువు ఎక్కువ వేస్తే బాగా కాస్తుందని ఎక్కువే వేశాను. తీగ పందిరంతా అల్లుకుంది. ఆకులు తామరాకులంత. పువ్వులు పూసి పూసి రాలిపోయాయి. ఒక్క పిందె నిలిస్తే ఒట్టు. నలభై యేళ్ళు రైతు గురించి వ్యాసాలు రాసినవాణ్ణి, పందిరి కింద చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పక్కింట్లో తండానుంచి వచ్చి కొడుకు దగ్గర వుంటున్న ముసలమ్మ గోడమీదుగా చూసి నవ్వింది. "అన్నీ మొగపూలే సారూ. ఆడపువ్వుకు కింద పిందె ఉంటది. పొద్దుగూకంగ రా, చూపిస్త." సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అప్పుడు మగపువ్వు తెంపి, రేకులు విరిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యన మెత్తగా అద్దాలి. తేనెటీగలు, చిమ్మెటలు తిరిగే చోట ఈ పని వాటిది. మా వీధిలో అవి తగ్గిపోయాయి, కనుక పని మనిషిదయింది. ఎరువు ఎక్కువయితే తీగ ఆకుమీద పోతుందని, మొదట మగపూలే వస్తాయని, కొస తుంచితే పక్కకొమ్మలు వేసి ఆడపూలు వస్తాయని ఆమె చెప్పింది. చెప్పింది అనడం కూడా సరికాదు. నా చూపుడువేలు పట్టుకుని మొదటి కణుపుదాకా మట్టిలో గుచ్చి, తడి తగిలిందా అని అడిగింది. తగిలితే నీళ్ళు పొయ్యొద్దంది.

మన కవిత్వంలో పువ్వులకేం తక్కువ లేదు. తీగలూ, లతలూ, పందిళ్ళూ ప్రబంధాలనుంచి భావకవిత్వందాకా గుట్టలుగా వున్నాయి. పువ్వులో ఆడా మగా వున్నదని, ఒకదాని పొడి ఒకదానికి అద్దేది ఒక ఆడమనిషి వేలని నేను ఎక్కడా చదివిన గుర్తు లేదు. అభ్యుదయ కవులం మనం ఆ పువ్వుల్ని వదిలేసి ఎర్రపువ్వులు తెచ్చుకున్నాం. వాటి సంగతీ అంతే.

ఇప్పుడు ఆ కథ ముగింపుకు రావాలి. సూర్యోదయపు కాంతిలో బీరపువ్వు విచ్చుకున్నదని రాసింది కదా. బీరపువ్వు విచ్చుకునేది పొద్దుగూకేటప్పుడు. (నేతిబీర పొద్దున పూస్తుంది. కాని కథలో వున్నది కూర బీరే, నేను అడిగి తెలుసుకున్నాను.) ఈ సంగతి ఆ తల్లికి తెలుసు. మూడేళ్ళు ఆమెతో పందిరి కింద తిరిగిన కూతురికీ తెలుసు. మరి కథలోకి సూర్యోదయం ఎక్కడినుంచి వచ్చింది? మనదగ్గరనుంచి. ఆశ అంటే తూర్పు, తూర్పు అంటే ఎరుపు, ముగింపు అంటే ఉదయం అని మన కథలు, మన కవితలు, మా వ్యాసాలు ఆ పిల్లకు నేర్పాయి. తన కళ్ళతో చూసినదాన్ని పక్కన పెట్టి మనం నేర్పినది రాసింది. సభలో వున్న పేరున్నవాళ్ళం ఎవ్వరం ఆ తప్పు పట్టలేదు. వస్తువు చిన్నదని పట్టాం. వాస్తవికత గురించి మనం మాట్లాడే మాటలకు ఇంతకంటె సిగ్గుపడవలసిన సందర్భం నాకు తోచడం లేదు.

ఒక పాత మిత్రుడితో ఈ విషయాలు చెబితే ఆయన ఊరుకోలేదు. ఆయన అభ్యంతరం గట్టిది, దాన్ని దాటవెయ్యకూడదు. "నువ్వు ముసలితనంలో మిద్దెతోటల వాళ్ళలో కలిశావు. నగరంలో ప్లాస్టిక్ సంచుల్లో టమాటాలు పెంచి ఫొటోలు తీసుకునే మధ్యతరగతి వేడుకను నువ్వు శ్రామిక సంస్కృతి అంటున్నావు. ఎంగెల్స్ ఏమన్నాడో మరిచిపోయావా?" అన్నాడు.

మరిచిపోలేదు. 1872లో రాసిన 'గృహ సమస్య' వ్యాసాల్లోనూ, 1887లో వాటి రెండో కూర్పుకు రాసిన ముందుమాటలోనూ ఎంగెల్స్ చెప్పింది ఇది: జర్మనీ పల్లెల్లో ఇంటిదగ్గర చేతిపని చేసుకునే కార్మికుడికి సొంత గుడిసె, కూరగాయల మడి వుండటం ఒకప్పుడు అతనికి కాస్త ఆసరా. పెద్ద పరిశ్రమ వచ్చాక అదే అతని మెడకు ఉచ్చు అయింది. మడిలో పండించుకున్న మేరకు యజమాని కూలిలో కోత పెట్టగలిగాడు. ఆ మడి వల్లనే కార్మికుడు ఊరు విడిచి పోలేడు, కూలి తక్కువయినా ఒప్పుకోవలసిందే. యజమానికి లాభమంతా ఆ కోతలోనుంచే. ఇది పుస్తకంలో మాత్రమే వున్న మాట కాదు. జీతం పెంచమంటే విత్తనాల పొట్లం చేతికిచ్చే పద్ధతి, రేషనులో పప్పు అడిగితే పెరటితోట పెంచుకోమనే ఉపదేశం మనకూ పరిచయమే. పోషకాహార లోపానికి పెరటి తోటకూర, మునగాకు, బొప్పాయి మంచి మందన్నది నిజం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ విటమిన్ ఏ లోపం విషయంలో పెరటితోటల మీద పనిచేసింది. అయితే ఆ నిజాన్ని కూలిరేటుకు బదులు వాడుకునే వాళ్ళు వున్నారని విమర్శకుడు గుర్తుంచుకోవాలి.

కనుక మిత్రుడి మాటలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, మడి ఒకటే గాని దాని అర్థం అన్ని చోట్లా ఒకటి కాదు. 1649 ఏప్రిల్‌లో ఇంగ్లండులో విన్‌స్టాన్లీ, అతని అనుచరులు సర్రేలోని సెయింట్ జార్జ్ కొండ దగ్గర ఉమ్మడి బీడు తవ్వి క్యారెట్లు, చిక్కుళ్ళు వేశారు. చిక్కుడు గింజకోసం భూస్వాములు గూండాలను పంపరు. ఆ నేల ఎవరిదన్న ప్రశ్న ఆ గింజతోపాటు మొలుస్తుందని తెలిసే పంపారు, తోట తొక్కించారు. 1942లో ముట్టడిలో వున్న లెనిన్‌గ్రాడ్ ప్రజలు సెయింట్ ఐజాక్ చర్చి ముందరి చౌకులో క్యాబేజీ పండించారు. దాన్ని మధ్యతరగతి వేడుక అనగలమా? మడి కింద నేల ఎవరిది, దానిమీద పని ఎవరిది, పండినది ఎవరి కంచంలోకి పోతుంది — ఈ మూడూ అడిగి తీర్పు చెప్పాలి. ఎంగెల్స్ చేసింది కూడా అదే. ఆ అమ్మాయి కథలో కూడా ఒక చోట ఈ ప్రశ్న తలెత్తుతుంది. కాలనీకి వచ్చిన అధికారి పందిరి గుంజను చూసి, ఇది ఇంటి హద్దు దాటిందంటాడు. తల్లి గుంజను మూరెడు వెనక్కి జరుపుతుంది. రెండు వాక్యాల్లో అయిపోయిన ఆ సన్నివేశమే కథకు గుండె. భూమిని నూర్ల ఎకరాల లెక్కన తీసుకున్న వ్యవస్థ ఆమె దగ్గర మూరెడు కోసం లెక్క చూస్తున్నది. రచయిత్రికి దాని విలువ తెలిసినట్టు లేదు. సభలో మాకూ తెలియలేదు.

కథలో లేని విషయం ఒకటి చెప్పాలి. అది కులం. మా అమ్మకు పెరడు వుండేది. జనగామకు దగ్గరి పల్లెలో మా ఇంటి వెనక బావి, బావి చుట్టూ బీర, పొట్ల, కాకర, ఒక మూల కరివేపాకు, నిమ్మ. నేను దాన్ని ఊరందరి సంగతిగా అనుకుని పెరిగాను. మాదిగవాడలో ఇల్లు ఇల్లును ఆనుకుని వుండేది, వెనక జాగా ఎక్కడిది? నీళ్ళు ఎక్కడివి? అక్కడి ఆడవాళ్ళకు పొలంగట్టే పెరడు. కలుపు తీయబోయి కొంగునిండా తెచ్చుకునే చెంచలికూర, దొగ్గలికూర, పొన్నగంటి, తుమ్మికూర, గునుగు — విత్తనం వెయ్యని, శిస్తు కట్టని పంట. ఏ ఆకు ఏ వానకు వస్తుంది, ఏది రెండుసార్లు వంచితే చేదు పోతుంది, ఏది బాలింతకు పెట్టాలి అన్నది చిన్న చదువు కాదు. జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీ రైతులు ఇట్లాంటి ఆకుల్ని పదులకొద్దీ పేర్లతో గుర్తుపట్టి చూపించారు. ఇప్పుడు పత్తిచేలలో గడ్డిమందు కొడుతున్నారు. కలుపుతీసే కూలి పోయింది, కలుపుతోపాటు కూర కూడా పోయింది. ఒక్క దెబ్బకు రెండు పోయిన ఈ మనిషి కథ ఎవరు రాశారు? మాదిగవాడ ఆడవాళ్ళ లోకాన్ని లోపలినుంచి రాసిన గోగు శ్యామల వంటివాళ్ళు దారి చూపారు. ఆ దారిన ఇంకా చాలామంది నడవవలసి వుంది. కనుక 'పెరడు' అన్న మాటను నేను మెచ్చుకోలుగా వాడటం మొదలుపెట్టినా, అది పెరడు వున్నవాడి మెచ్చుకోలు కాకుండా చూసుకోవాలి.

ఇక జనగామ జిల్లాలోనే వున్న ఒక ఊరి సంగతి. లింగాలఘనపురం మండలం కళ్యాణం గ్రామానికి చెందిన చిన్న పల్లె ఏనెబావి. యాభై చిల్లర కుటుంబాలు, మూడువందల ఎకరాలకు లోపు సాగు. 1990ల చివరలో ఆముదం చేలను తినేసే ఎర్ర గొంగళిపురుగును పట్టడానికి రాత్రిపూట మంటలు వేయడంతో అక్కడ ఒక ప్రయత్నం మొదలైంది. ఊళ్ళు తిరిగి పనిచేసే స్వచ్ఛంద సంస్థలు తోడుపడ్డాయి. మెల్లగా పురుగుమందులు మానారు, తరవాత రసాయన ఎరువులూ మానారు. 2006 నాటికి ఊరు మొత్తం రసాయనాలు లేని ఊరుగా తనను తాను ప్రకటించుకుంది. వేపకషాయం, పేడ, మూత్రం, చెరువుమట్టి, పచ్చిరొట్ట — ఇవి వాళ్ళ సాధనాలు.

ఈ సంగతి సాహిత్య వ్యాసంలో ఎందుకంటే, తేదీలు చూడండి. 1997-98లో ఉమ్మడి వరంగల్లు జిల్లాలో పత్తిరైతులు పురుగుమందు తాగి వరసగా చనిపోయారు. ఆ చావులు తెలుగు కవిత్వాన్ని, కథను కదిలించాయి, కదిలించి తీరాలి కూడా. అదే జిల్లాలో ఆ యేళ్ళలోనే ఒక పల్లె ఆ మందు డబ్బాను ఇంట్లోనుంచి బయటపెట్టడం నేర్చుకుంటున్నది. దానిమీద చెప్పుకోదగ్గ కథ నా కంటబడలేదు. చావును రాయడం మనకు చేతనయింది. నేర్చుకోవడాన్ని రాయడం చేతకాలేదు.

దీనికి కారణం మన నిబద్ధతలో లోపం అని నేననుకోవడం లేదు, కథ గురించి మన అవగాహనలో వుంది. ఒక సంఘటన, ఒక సంఘర్షణ, ఒక మలుపు, చివర ఒక మెరుపు — కథానిక అంటే ఇదని మనం పాఠాలు చెప్పాం. చావు అందులో బాగా ఇముడుతుంది. నేర్చుకోవడం ఇమడదు. అందులో మలుపు వుండదు, కార్తెలుంటాయి. మిరుగంలో పెట్టిన చిక్కుడు సంక్రాంతి దగ్గరపడేదాకా కాయదు. తప్పు చేశామని తెలియడానికి మూడు నెలలు, దిద్దుకోవడానికి మళ్ళీ యేడాది. ఒకే తప్పు రెండుసార్లు చేస్తాం, మూడోసారి కొత్త తప్పు చేస్తాం. దీనికి కథలో పునరుక్తి కావాలి, మనమేమో పునరుక్తి కనబడగానే ఎర్రసిరాతో కొట్టేస్తాం. ఆ అమ్మాయి కథలో మూడు యేళ్ళు మూడుసార్లు రావడం 'సాగదీత' అని ఆ రోజు ఎవరో అన్నారు. అదే ఆ కథకు సరైన నడక. ఆమె ఇంకా సాగదియ్యవలసింది.

నేర్చుకోవడం గురించిన పెద్ద పుస్తకం మన చేతుల్లో లేకపోలేదు. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన నాటినుంచి మన కార్యకర్తలు దాన్ని చదువుతూనే వున్నారు. ఆ నవల అంతా ఒక ముసలితల్లి నేర్చుకోవడమే. అక్షరాలు, మాటలు, భయం పోవడం. అయితే అందులో చదువు కొడుకు దగ్గరనుంచి తల్లికి వస్తుంది. ఆ ఒక్క దిక్కునే మనం ఆదర్శంగా పెట్టుకున్నాం. చదువుకున్నవాడు చెబుతాడు, ఊరు వింటుంది. మన కథల్లో ఎన్ని మాస్టర్ల పాత్రలున్నాయో లెక్కపెట్టండి. ఈ భూపాలపల్లి కథలో డిగ్రీ చదివే కూతురు అక్షరం రాని తల్లి దగ్గర నేర్చుకుంటుంది. ఆ తల్లికి కూడా అన్నీ తెలియవు, మొరం నేల ఆమెకూ కొత్తదే. తెలిసిన చదువు చెల్లని చోట మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఇటువంటి తల్లి మన కథల్లో అరుదు.

భాష గురించి ఒక మాట. సంభాషణలన్నీ అమ్మాయి తన ఊరి మాటల్లో రాసింది, చక్కగా వున్నాయి. కథనంలోకి వచ్చేసరికి "మాతృమూర్తి గృహవాటికను పెంపొందించసాగింది" అంటుంది. గృహవాటిక! పాదు, పందిరి, గుంజ, దడి, తొర్ర, గాబు — ఇన్ని మాటలు నోట్లో పెట్టుకుని వాటికలోకి పోవడం పాఠ్యపుస్తకం చేసిన అన్యాయం. ఇంకొకటి: నీళ్ళ సంగతి కథలో లేదు. కాలనీలో నల్లా ఎప్పుడు వస్తుంది, బిందెలు ఎన్ని, బట్టలు ఉతికిన నీళ్ళు తీగకు పోస్తే ఏమవుతుంది — ఇవి లేకుండా మూడేళ్ళ పంట నమ్మడం కష్టం. తండ్రి పాత్ర కూడా విసుక్కోవడానికి మాత్రమే వుంది. బావిలో ఎనిమిది గంటలు చీకట్లో పనిచేసి వచ్చేవాడికి ఆ పందిరి కింద మంచం వేసుకోవాలని ఒక్కసారైనా అనిపించదా?

ఈ మాటలన్నీ ఆమెకు ఉత్తరంగా రాసి పంపాను. సభలో అన్నమాటకు క్షమాపణ కూడా రాశాను. నెలరోజులకు జవాబు వచ్చింది, రెండో ప్రతి తోడుగా. సూర్యోదయం తీసేసింది. కథ ఇప్పుడు పొద్దుగూకినాక, కరెంటు పోయిన వేళ, తల్లీకూతుళ్ళు సెల్‌ఫోను వెలుతురులో ఆడపువ్వును వెతకడం దగ్గర ఆగుతుంది. వాటిక పోయింది, నీళ్ళు వచ్చాయి. తండ్రి ఇంకా విసుక్కుంటూనే వున్నాడు. మా నాయన అట్లనే ఉంటడు సార్, మార్చలేను అని రాసింది.

ఉత్తరంతోపాటు కాగితం పొట్లంలో బూడిద అంటిన చిక్కుడు గింజలు కొన్ని వున్నాయి. వాళ్ళమ్మ పంపిందట. పోయిన యేడు నేను చిక్కుడు ఏ కార్తెలో పెట్టానో, పాదుకు నీడ ఎటునుంచి పడుతుందో కనుక్కోమన్నదట. కార్తె నాకు గుర్తు లేదు. పక్కింటి ముసలమ్మను అడిగి రాస్తానని జవాబిచ్చాను.